ఎవరి గీత వారిదే

కళాశాల సీటు కోసం బొమ్మల సంపుటి తయారుచేసుకునే పిల్లలకు సాయం చేయాలంటే ముందుగా తెలియాల్సింది, చెయ్యి ఎక్కడ పెట్టకూడదో

తెలుగు ఇళ్లలో ప్రతిభకు ఒక అంకె ఉంటుంది. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా, జేఈఈ రెండు మెట్లుగా విడిపోయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. 'మీవాడికి ఎంతొచ్చింది?' అని పక్కింటివాళ్లు అడిగితే ఒక్క సంఖ్య చెప్తే చాలు. అభినందించాలో, మాట మార్చాలో వాళ్లకు ఆ సంఖ్యే చెబుతుంది. అలాంటి చోట ఓ పదిహేడేళ్ల అమ్మాయో అబ్బాయో చంకలో పెద్ద అట్ట ఫైలు పెట్టుకుని 'నా ప్రతిభ ఇందులో ఉంది' అంటే అమ్మానాన్నలకు సైతం ఏమనాలో తోచదు.

ఆ ఫైలునే పోర్ట్‌ఫోలియో అంటున్నారు. చిత్రకళ, డిజైన్ కోర్సులకు దరఖాస్తు చేసే విద్యార్థి తన పనిలోంచి ఏరి కూర్చుకునే సంపుటి అది. అమెరికాలోని రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ దరఖాస్తుదారుల నుంచి 12 నుంచి 20 బొమ్మలు అడుగుతుంది. మన దేశంలో ఎక్కువ సీట్లను పరీక్షలే పంచుతాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)కి డాట్, నిఫ్ట్‌కు దాని సొంత ప్రవేశ పరీక్ష, ఐఐటీల్లో డిజైన్ డిగ్రీకి 2015 నుంచి ఐఐటీ బాంబే నిర్వహిస్తున్న యూసీడ్. అయితే ఇంటర్వ్యూలో 'నువ్వు చేసినవి చూపించు' అనే కళాశాలలూ ఉన్నాయి. అడగని చోట కూడా ఆ ఫైలు తయారుచేసుకున్న చెయ్యి పరీక్ష హాల్లో ఎక్కువ తడబడదు.

ఈ ఫైలు తయారీలో పిల్లలకు సాయపడటం ఇప్పుడు పెద్ద నగరాల్లో ఒక వ్యాపారం. రాజమండ్రిలో (2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం) ఒక మేడ మీది రేకుల షెడ్డులో మాత్రం అది ఇంకా శని, ఆదివారాల వ్యాపకమే. నడిపే ఆమెకు నలభై దాటాయి. హైదరాబాద్‌లో ఫైనార్ట్స్ చదివి, పదేళ్లపాటు ప్రకటనల ఏజెన్సీల్లో పనిచేసి, ఒంటరిగా ఉన్న తల్లిని చూసుకోవడానికి ఊరికి తిరిగొచ్చారు. పిల్లలు 'మేడమ్' అంటారు. ఏడాదికి ఆరుగురికి మించి తీసుకోరు. కారణం అడిగితే, ఆరుగురి బొమ్మల్ని మాత్రమే పేరు చూడకుండా గుర్తుపట్టగలనని చెబుతారు. ఏడో పిల్లవాడు వస్తే ఎవరి గీత ఎవరిదో కలిసిపోతుందని ఆమె భయం.

ఖాళీ చేయడంతో మొదలు

వచ్చిన ప్రతివారూ ఏదో ఒకటి పట్టుకొస్తారు. వాటిని చూడకముందే ఏముంటాయో చెప్పేయవచ్చు. గళ్లు గీసి ఫొటో చూసి దించిన సినిమా హీరో, పత్రికలోంచి తీసుకున్న రాధాకృష్ణులు, వినాయకుడు, జపాన్ యానిమే కళ్ల అమ్మాయి, సూర్యాస్తమయంలో గోదావరి వంతెన. స్కూలు వార్షికోత్సవంలో వీటికే బహుమతులొచ్చాయి. ఇంట్లో హాలు గోడకు ఫ్రేమ్ కట్టి పెట్టినవీ ఇవే.

వీటన్నింటినీ ఆమె శ్రద్ధగా చూస్తారు. తర్వాత పక్కన పెట్టేస్తారు. అవి బాగాలేక కాదు. ఫొటో చూసి వేసిన బొమ్మలో ముఖం ఎటు తిరగాలి, వెలుగు ఎక్కడ పడాలి, ఏది వదిలేయాలి అనే నిర్ణయాలన్నీ ఫొటో తీసినవాడు ముందే తీసేసుకున్నాడు. పిల్లవాడికి మిగిలింది ఓపిక ఒక్కటే. కళాశాల వెతికేది ఓపికను కాదు, నిర్ణయాన్ని. అందుకే మొదటి రెండు నెలలు ఎదురుగా ఉన్నదాన్ని చూసి వేయడమే పని. కోటిపల్లి బస్టాండులో నిద్రపోతున్న ప్రయాణికులు, కడియం నర్సరీల్లో వరుసగా పేర్చిన మొక్కల సంచులు, ఇంట్లో గ్యాస్ స్టవ్, చెప్పుల స్టాండు. ఒకే సైకిల్ షాపును పదిసార్లు వేయమంటారు. ఐదోసారికి విసుగొస్తుంది. ఏడోసారికి, అంతవరకూ చూడనిది కనిపిస్తుంది.

ఫైలులోకి పదిహేను వెళ్లాలంటే కనీసం యాభై వేయాలన్నది ఆమె లెక్క. నెలకోసారి వేసినవన్నీ దారానికి క్లిప్పులతో తగిలిస్తారు. మొదటి ఐదు నిమిషాలు వేసినవాళ్లు మాట్లాడకూడదు. మిగతావాళ్లు తమకేం కనిపించిందో చెప్పాలి. 'బాగుంది' అనే మాట మీద నిషేధం ఉంది. బాగుందంటే సంభాషణ అక్కడితో అయిపోతుంది మరి.

అన్నిటికన్నా కఠినమైన నియమం ఆమెకు ఆమె పెట్టుకున్నది. పిల్లల కాగితాన్ని ఆమె పెన్సిల్ తాకదు. ఏదైనా చూపించాలంటే వేరే కాగితం మీద గీసి చూపించి, దాన్ని వాళ్ల కళ్ల ముందే చింపేస్తారు. పాతకాలపు డ్రాయింగ్ మాస్టార్లు వెనక నిలబడి, పెన్సిల్ లాక్కుని ముక్కు సరిచేసేవారు. బొమ్మ బాగుపడేది, పిల్లవాడు మాత్రం ఉన్నచోటే ఉండిపోయేవాడు. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు సరిపోయిన ఆ పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఇంటర్వ్యూలో కూర్చున్నవారు 'ఈ నీడ ఇక్కడెందుకు పడింది?' అని అడిగితే, ఆ నీడ వేసింది టీచరైతే విద్యార్థి దగ్గర సమాధానం ఉండదు.

తల్లిదండ్రులకు ఇది మింగుడుపడదు. 'మీ చెయ్యి ఒక్కసారి పడితే సరిపోద్ది కదండీ మేడంగారూ, ఆ మాత్రం దానికి ఫీజు ఎంతైనా పరవాలేదండి' అని బతిమాలినవారున్నారు. ఆమె ఇచ్చే జవాబు ఒకటే. 'నా చెయ్యి పడితే సీటు నాకివ్వాలండి.'

ఊరికి తెలిసిన సాయం

నిజానికి ఈ ఊరికి ఇలాంటి సాయం కొత్త కాదు. గత శతాబ్దపు తొలినాళ్లలో ఇక్కడి గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. బొమ్మలు వేసుకునే కుర్రాడు దామెర్ల రామారావులో ఏముందో గుర్తించి, 1916లో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేలా చూసింది ఆయనే. అడివి బాపిరాజు కూడా కూల్డ్రే శిష్యుడే. 1897లో పుట్టిన రామారావు మశూచి సోకి 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఆ కొద్ది కాలంలో వేసిన బొమ్మలు ఊళ్లో ఆయన పేరిటే ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. కొత్తగా చేరిన పిల్లల్ని ఆమె ముందు తీసుకెళ్లేది అక్కడికే. ఇంగ్లిష్ దొర చూసి మెచ్చిన కుర్రాడి బొమ్మల్లో ఉన్నది ఇంగ్లండ్ కాదు, తెలుగు మనుషులేనని వాళ్లే గమనించాలని ఆమె ఉద్దేశం.

తర్వాతి తరంలో ఈ పని బరోడాలో జరిగింది. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వెళ్లిన లక్ష్మాగౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వెళ్లిన తోట వైకుంఠం అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. గురువు ఒక్కరే. అయినా ఒకరి మేకలు, పల్లెజనం మరొకరి పెద్ద బొట్టు స్త్రీలతో ఎక్కడా కలవవు. ఇద్దరూ గురువులా వేయలేదు. మంచి గురువుకు అదే గుర్తింపు పత్రం.

అంకెకూ ఒక న్యాయం ఉంది

అయితే ర్యాంకును అంత తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. అంకె ముఖం చూడదు. ఇంటిపేరు, ఇంగ్లిష్ యాస, వేసుకున్న బట్టలు అడగదు. జవాబు పత్రం దిద్దే యంత్రానికి అభిరుచులుండవు. బొమ్మల ఫైలును చూసేది మనుషులు. వాళ్లకు అభిరుచులుంటాయి, ఆ అభిరుచి ఎలా ఉంటుందో ముందే తెలిసిన కుటుంబాలూ ఉంటాయి. మ్యూజియాలు చూసి పెరిగిన పిల్లకూ, ఊళ్లో క్యాలెండరు బొమ్మ తప్ప మరొకటి చూడని పిల్లకూ ఖాళీ కాగితం ఒకేలా కనిపించదు.

ఆ తేడాను డబ్బుతో పూడుస్తామని మార్కెట్ ముందుకొచ్చింది. విదేశీ సీట్ల కోసం లక్షల్లో ఫీజు తీసుకుని, ఏ కళాశాలకు ఏ రకం బొమ్మలు నచ్చుతాయో చెప్పి, అవే వేయించే సంస్థలున్నాయి. ఫలితం అందరికీ తెలిసిందే. ఒకే రకం ముడుచుకున్న చేతులు, పగిలిన అద్దంలో ఒకే రకం ముఖం, 'నా అస్తిత్వం' అనే ఒకే శీర్షిక. కార్పొరేట్ కళాశాలలు ఎంపీసీకి చేసిన పనే కోచింగ్ బొమ్మలకు చేస్తోంది. ఇప్పుడు కృత్రిమ మేధ మరో మెట్టు ఎక్కించింది. పూర్తయిన బొమ్మ కావాలంటే ఫోను నిమిషంలో ఇస్తుంది. కాబట్టే పూర్తికాని బొమ్మల విలువ పెరిగింది. కొట్టివేతలు, మళ్లీ మొదలుపెట్టిన పేజీలు, అంచుల్లో రాసుకున్న మాటలు ఉన్న స్కెచ్‌బుక్‌ను తెరిచి పెడితే ఆ పని ఎవరిదో రుజువు చేయనవసరం లేదు.

షెడ్డుకు వచ్చిన ఒక అమ్మాయి కథ అలాంటిదే. రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ. నెలకో ఆదివారం ఔటింగ్. న్యూజెర్సీలో ఉన్న పిన్ని అమెరికా కాలేజీ ఆశ పెట్టింది. ఆ అమ్మాయి తెచ్చిన పెద్ద షీట్ల మీద ఐఫిల్ టవర్, గులాబీలు ఉన్నాయి. మేడమ్ కంట పడింది మాత్రం కెమిస్ట్రీ నోట్సు వెనక పేజీలు. రాత్రి స్టడీ అవర్‌లో బాల్‌పెన్నుతో వేసినవి. పుస్తకం మీద తల వాల్చి నిద్రపోతున్న అమ్మాయిల వరుస, స్నానాల గదుల ముందు బకెట్ల క్యూ, కిటికీ ఊచలకు ఆరేసిన చున్నీలు.

'అవి రఫ్ మేడమ్, పారేస్తాను' అంది.

'పారెయ్యి. పారేసే ముందు ఒక్కసారి వాటి పక్కన నీ ఐఫిల్ టవర్ పెట్టి చూడు' అన్నారామె.

ఆ రఫ్ పేజీలే సంపుటికి వెన్నెముక అయ్యాయి. గీతల కాగితం గీతలతోనే, ఒకచోట బెంజీన్ షడ్భుజంతో సహా. వాటిని చూసి ఒక అమెరికన్ కాలేజీ సీటిచ్చింది. ఉపకారవేతనం మాత్రం చాలినంత ఇవ్వలేదు. రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ వంటి చోట ట్యూషన్ ఫీజే ఏడాదికి 60 వేల డాలర్లు దాటుతుంది. ఇంట్లో మూడు రాత్రులు లెక్కలు వేసి ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేశారు. మరుసటి ఏడాది ఆ అమ్మాయి పరీక్ష రాసి హైదరాబాద్ నిఫ్ట్‌లో చేరింది. ప్రతిభను చూసే కన్ను దొరకడం వేరు, దాన్ని చదివించే డబ్బు దొరకడం వేరు. మొదటిది దొరికితే రెండోదీ దొరుకుతుందని మేడమ్ ఎవరికీ హామీ ఇవ్వరు.

అక్షరాలు ఎవరివి?

షెడ్డులో అందరూ గుర్తుపెట్టుకున్న ఫైలు మరొకటి ఉంది. 2022 వేసవిలో వచ్చిన అబ్బాయిది. తండ్రి ఒకప్పుడు బోర్డు ఆర్టిస్టు. సుద్ద పూసిన దారం లాగి కొట్టి గీతలు వేసుకుని, ఎనామిల్ పెయింట్‌తో మెడికల్ షాపులకూ, కిరాణా కొట్లకూ పేర్లు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు ఇళ్లకు సున్నాలు, రంగులు వేస్తున్నాడు. కొడుకు బ్రష్ పట్టుకోవడం ఆయనకు సుతరామూ ఇష్టంలేదు. 'నన్ను తిండి పెట్టని విద్య నీకు పెడుతుందేంట్రా?' అన్నది ఆయన వాదన. కాదనడానికి ఎవరి దగ్గరా రుజువు లేదు.

ఆ అబ్బాయి ఫైలులో షీట్లు తిరగేస్తుంటే ఒకచోట మేడమ్ చెయ్యి ఆగింది. నల్ల ఎనామిల్‌తో 'అ' నుంచి 'ఱ' దాకా వర్ణమాల. తలకట్టు దగ్గర బ్రష్ తిరిగిన తీరులో ఎక్కడా అనుమానం లేదు. మిగతా ఫైలంతా ఒక ఎత్తు, ఆ షీటు ఒక ఎత్తు.

'ఇది ఎవరు రాశారు?'

కాసేపు మాట్లాడలేదు. 'నాన్నండి' అన్నాడు.

ఆ షీటు ఉంచాలా, తీసేయాలా? ఉంచితే చూసేవారి కన్ను అక్కడే నిలబడుతుంది. రాసిందెవరో వాళ్లకు తెలిసే అవకాశం లేదు. విషయం ఇంట్లో తెలిశాక తండ్రే అన్నాడట, 'నాదీ నీదీ ఏంట్రా, పెట్టేసుకో' అని. ఆయన ఇవ్వగలిగిన ఆస్తి అదొక్కటే. దాన్ని కాదనడం కూడా ఆ అబ్బాయికి తేలిక కాదు. మేడమ్ తీసేయమనలేదు, ఉంచమనలేదు. 'ఇంటర్వ్యూలో "అ" ఎక్కడ మొదలుపెట్టావు, బ్రష్ ఎక్కడ ఎత్తావు అని అడిగితే ఏం చెబుతావు?' అని మాత్రం అడిగారు.

వారం తర్వాత ఆ అబ్బాయి వచ్చి, ఆ సంగతి తనకు తెలియదని, నాన్నను అడిగి నేర్చుకుంటానని చెప్పాడు. కొడుకు చేతికి బ్రష్ రాకూడదన్న మనిషి రాత్రి పని నుంచి వచ్చి, అన్నం తిని, నేల మీద పాత పేపర్లు పరిచి కూర్చోవడం అలా మొదలైంది. ఎనిమిది నెలలు పట్టింది. చివరికి తయారైన ఫైలులో మొదటి షీటు తండ్రిదే. కింద స్పష్టంగా 'ఇది మా నాన్న రాసినది' అని ఉంది. తర్వాత ఆరు షీట్ల నిండా కొడుకు రాసిన వంకర 'అ'లు, తేదీలతో సహా. ఆ తర్వాత ఊళ్లో ఇంకా మిగిలిన చేతిరాత బోర్డుల స్కెచ్‌లు. చివర ఆ అబ్బాయి సొంతంగా కట్టుకున్న అక్షరాలు కొన్ని. అవి తండ్రివంత నున్నగా లేవు. కానీ వాటిలో ప్రతి మలుపుకూ అతని దగ్గర ఒక జవాబుంది.

మిగతాదంతా చాకిరీ. ఫ్లాష్ లేకుండా, ఉదయం తొమ్మిదింటి నీడపట్టు వెలుగులో, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టి ఫొటోలు తీయాలి. అంచుల్లో దుప్పటి కనిపించకూడదు. ప్రతి బొమ్మకూ కొలత, వాడిన రంగు, ఏడాది రాయాలి. గట్టి బొమ్మతో మొదలుపెట్టి, గట్టి బొమ్మతోనే ముగించాలి. పదిహేను మంచివాటి మధ్య ఇరికించిన ఒక నాసి బొమ్మ, వేసినవాడికి తేడా తెలియదని చెప్పేస్తుంది. తమ గురించి రాయాల్సిన పేజీని పిల్లలు ముందు తెలుగులో రాస్తారు. 'నాకు చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే ప్రాణం' అనే వాక్యం రాని పేజీ ఉండదు. ప్రాణం సంగతి తర్వాత, ఏ రోజు ఏం చూశావో రాయమని వెనక్కిస్తారు. నాలుగోసారికి ఆ పేజీ ఇంగ్లిష్‌లోకి వెళ్లడానికి సిద్ధమవుతుంది.

బోర్డు ఆర్టిస్టు కొడుకు ఎన్‌ఐడీ తొలి దశ దాటాడు. మెయిన్స్‌లో ఆగిపోయాడు. 'అయితే ఆ ఎనిమిది నెలలూ దండగేనా?' అని తండ్రి అడిగాడు. అడిగే హక్కు ఆయనకుంది. జవాబు చెప్పే బదులు ఆ అబ్బాయి విశాఖ వెళ్లి బీఎఫ్ఏలో చేరాడు. సెలవులకు వచ్చినప్పుడు తండ్రితో కూర్చుని గుణింతాలు పూర్తిచేస్తున్నాడు. తండ్రి చేతిలో తప్ప ఎక్కడా నమోదు కాని ఆ రాత ఇప్పుడు నోటుపుస్తకంలోకి ఎక్కుతోంది. ఫైలు కోసం మొదలైన పని ఫైలును దాటిపోయింది.

షెడ్డు బయట ర్యాంకుల ఫ్లెక్సీ లేదు. ఎవరికి ఎక్కడ సీటొచ్చిందో చెప్పే ఫొటోలూ లేవు. మేడమ్ చూసుకునే లెక్క వేరు. వెళ్లిపోయిన రెండేళ్లకు కూడా ఎంతమంది సంచిలో స్కెచ్‌బుక్ ఉందన్నది ఆ లెక్క. బీటెక్‌లో చేరిన ఒకడు కాలేజీ బస్సులో రోజూ పక్క సీటువాళ్లను వేస్తూ ఆ పేజీల్ని ఆమెకు పంపిస్తుంటాడు. బస్సు కుదుపులకు గీత వంకరపోతుంది. ఆ వంకర అచ్చంగా అతనిదే. దానికి ఇంకా ఎవరూ ర్యాంకు పెట్టలేదు.